ఏడో లెక్క

కరీమున్నీసా మేడమ్ ఇచ్చిన జిరాక్సు కాగితంలో
ఏడో లెక్క బల్బులది.
ఒక కంపెనీ, ముప్పై ఆరు బల్బులు,
సగటు ఆయుష్షుకి తొంభై ఐదు శాతం
విశ్వాస అంతరం కట్టమంది.

మైపాడు రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు.
గుంట గట్టు మీద రేకుల షెడ్డులో
మా బల్బు ఆయుష్షు కరెంటోళ్ళ చేతిలో ఉంటుంది.
అందుకని బల్బులు కొట్టేసి
పైన రొయ్యలు అని రాసుకున్నా.

నాన్న వల విసిరాడు.
ముప్పై ఆరింటిని ఒక్కొక్కటే చిన్న కాటా మీద పెట్టా.
ఎగిరి పడ్డవాటిని ఏరి మళ్ళీ పెట్టా.
ఒకటి నా వేలు గీరి ఇరవై రెండు గ్రాములు తూగింది.

సగటు పద్దెనిమిది పాయింటు రెండు. విచలనం మూడు.
ముప్పై ఆరుకి వర్గమూలం ఆరు,
మూడుని ఆరు పెట్టి భాగిస్తే అర.
అరని ఒకటి పాయింటు తొమ్మిది ఆరుతో హెచ్చవేసి
అటు కలిపా, ఇటు తీసేశా.

"పదిహేడుంబావు నుంచి పంతొమ్మిది మీద కొంచెం దాకా."
"గ్రాములు నాకెందుకమ్మే, కౌంటు చెప్పు."
"కిలోకి యాభై రెండుకీ యాభై ఎనిమిదికీ మధ్య."
"మధ్య అంటే? యాభై ఐదా?"
"కాదు. ఎక్కడో."
"ఎక్కడో అని చెప్పడానికా నీకు బస్సు పాసు?"

"నమ్మకం తొంభై ఐదు నాన్నా.
నూరు సార్లు వలేసి నూరు సార్లు ఇట్టాగే కడితే
సుమారు తొంభై ఐదు సార్లు అసలుది లోపల పడుద్ది."
"మనం ఏసింది ఒకటే గదా.
ఇది తొంభై ఐదులోదా, ఐదులోదా?"
మేడమ్ కూడా ఇంత సూటిగా అడగలేదు.
ఏరేటర్లు తిరుగుతుంటే వాటి చప్పుడు వింటూ కూర్చున్నా.

తెల్లారుజామున నాలుక్కి కొనుగోలు మనిషి వచ్చాడు,
బండి లైటు ఆర్పకుండా, సొంత వలతో.
తూము మూల, చిన్నవి చేరే చోట, ఒక్క విసురు.
"అరవై కౌంటు రవణయ్యా."
నేను కాగితం చూపించా. యాభై ఎనిమిది దాటదన్నా.
చూడాల్సినంత సేపు చూసి
"దస్తూరి బాగుంది పాపా" అన్నాడు.

మూడో నాడు పట్టుబడి.
ట్రే మీద ట్రే, ఐసు, కాటా, అరుపులు.
మొత్తం తేలిస్తే యాభై తొమ్మిది.

అతను ఒకటి ఎక్కువ చెప్పాడు, నేను ఒకటి తక్కువ.
అతని తప్పుకి లారీ ఉంది.
నాన్న ఏమీ అనలేదు. వల ఝాడించి ఆరేశాడు.
ఏదన్నా అనుంటే బాగుండేది.

ఇది ఆ ఐదులోదే అని సరిపెట్టుకోవచ్చు.
సరిపెట్టుకోబోయా కూడా.
రాత్రి మళ్ళీ కాగితం తీస్తే
భాగహారం సరే, హెచ్చవేత సరే.
ప్రతి లెక్కలోనూ, మొదటి వరుసలోనే,
చదవకుండా దాటేసిపోయే మాట ఒకటుంది:
యాదృచ్ఛికంగా ఎంచుకున్న.

మేం ఎక్కడ విసిరాం?
చెక్క వంతెన పక్కన.
రోజూ మేత చల్లే చోట, బలిసినవి తిరిగే చోట,
కాళ్ళు తడవని చోట.

తర్వాతి పంటకి గుంటని ఇరవై గళ్ళుగా గీశా.
ఇరవై చీటీలు, స్టీలు చెంబు. ఆరు తియ్యాలి.
"లాటరీనా?" అన్నాడు నాన్న.
మొదటిదే పదమూడు.
పదమూడంటే తుమ్మకంప వైపు, బురద తొడల దాకా,
పోయినేడు పాము కనిపించిన మూల.
"వద్దులే, ఇంకోటి తియ్యి."
"తియ్యకూడదు నాన్నా."

చెంబు వైపు చూశాడు, నా వైపు చూశాడు.
కాల్చే బీడీ గట్టు మీద పెట్టి
లుంగీ ఎగ్గట్టి దిగాడు.